మూడో చరణం

జనవరి 5, సోమవారం

బండి వచ్చింది.

నిన్న సత్తెనపల్లి ప్రవచనంలో గంటన్నర ఉతికాను. "నడవడానికి దేవుడు కాళ్ళిచ్చాడు, మనిషికి ఈ వాహనవ్యామోహం దేనికి?" అని. ముందు వరసలో కిరణ్ కుమార్ గారు కళ్ళు మూసుకుని తల ఊపారు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఆయనది. ఈరోజు పొద్దున ఆయన మనుషులు వచ్చి ట్రాలీలోంచి బండి దించారు. వాళ్ళబ్బాయి హర్ష మోజుపడి తెప్పించుకున్న ఫారిన్ మోటార్ సైకిల్. మోజు తీరిందట. "ధర్మప్రచారానికి వాడుకోండి గురువుగారూ, దీంట్లో పాటల సిస్టం కూడా ఉంది" అని ఫోను.

వద్దనాలి. వద్దనడానికే నోరు తెరిచాను. "తాళాలు రెండూ పంపించారా?" అని వచ్చింది.

ముందు రెండు స్పీకర్లు. వెనక కూర్చునేవాళ్ళ నడుముకి అటొకటి, ఇటొకటి. హ్యాండిల్ మధ్య చిన్న తెర. బరువు మూడు క్వింటాళ్ళ పైమాటే. నేను అయిదడుగుల మూడంగుళాలు, వయసు అరవైకి రెండు తక్కువ.

మా ఆవిడ సుబ్బరత్నం వంటింట్లోంచి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "ఉత్సవ వాహనం లాగుంది. నిన్ను దీనిమీద ఊరేగిస్తారా ఏందయ్యా?" అంది, ఆ బొంగురు గొంతుతో. లోపలికి పోయింది.

జనవరి 6, మంగళవారం

స్టాండు వేయబోయాను. బండి గోడకి ఆనింది, నేను బండికి ఆనాను. పక్కింటి పార్వతమ్మక్క వచ్చి ఇద్దర్నీ నిలబెట్టింది.

జనవరి 8, గురువారం

మెకానిక్ అలీ సాహెబ్ దగ్గరికి తీసుకుపోయాను. తీసుకుపోయాను అని రాశాను గానీ, నలుగురు తోశారు. ఆయన బండి పక్కన కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, సిస్టం అంతా విప్పి చూసి చెప్పాడు:

"గురువుగారూ, రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, స్పీడు పెరిగేకొద్దీ సౌండు దానంతటదే పెరుగుద్ది. బండి ఆగితే తగ్గుద్ది. రెండోది, దీనికి జ్ఞాపకం లేదు. తాళం తీస్తే అంతా మర్చిపోద్ది. మళ్ళీ తిప్పితే మొదటి ఫైలు, మొదట్నుంచి."

"ఆగిన చోటు నుంచి రాదా?"

"రాదు. పాపం, దాని పుట్టుకే అంత."

ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన కూతురు సాబిరాది పక్కనే సెల్ ఫోన్ల కొట్టు. నా పాత ఫోను కార్డులో ఉన్నవన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించింది. రెండువందల పద్నాలుగు ప్రవచనాలు! నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది గానీ మాట మాత్రం ఎక్కడా ఆగలేదు.

"తేదీల వరసలో వేశాను బాబాయ్. కార్డు ముసలిదైపోయింది, ఇంక తెరుచుకోదు. నా కంప్యూటర్‌లో ఒక కాపీ ఉంచమంటారా?"

"ఉంచమ్మా. లోకానికి నష్టం రాకూడదు" అన్నాను. లోకానికి!

జనవరి 9, శుక్రవారం

ఇంటి ముందు తాళం తిప్పాను. నా గొంతు వస్తుందని ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. ఆడగొంతు వచ్చింది.

*కొండ మీద కూకున్న సామీ, కిందికొక్కసారి దిగిరా*
*మెట్టు మెట్టుకు మొక్కలేను, మోకాళ్ళు నొప్పులురా*

సుబ్బరత్నం. 2014 శివరాత్రి, కోటప్పకొండ సత్రంలో. ఆ రోజుల్లో నా ప్రవచనానికి ముందు పాడేది. జనం సర్దుకుని కూర్చునే దాకా ఎవరో ఒకరు పాడాలి గదా, అదీ ఆనవాయితీ. జనం కుదురుకోగానే మనం మైకు అందుకోవాలి. ఆ కార్డులో అన్నిటికంటే పాతది అదేనట, అందుకే మొదట ఎక్కింది.

తెర మీద నొక్కి దాటేద్దామంటే ఈ బండి మీద చెయ్యి తీసే ధైర్యం నాకు లేదు. ఇంటి నుంచి నా ఎరువుల కొట్టు దాకా అయిదు నిమిషాలు, రెండు చేతులూ హ్యాండిల్‌కే అంటుకుని ఉన్నాయి. మూడో చరణం ఎత్తుకునే సరికి కొట్టు వచ్చింది. బండి తాళం తీశాను.

సాయంత్రం తిరిగి తిప్పితే మళ్ళీ అదే. మొదట్నుంచి.

జనవరి 13, మంగళవారం

పోయేటప్పుడు ఆవిడే. వచ్చేటప్పుడూ ఆవిడే. అయిదు రోజులైంది, నా బండి మీద నా మాట ఒక్కటి వినలేదు నేను. బయల్దేరే ముందు నొక్కి దాటేద్దామంటే సుబ్బరత్నం గేటు దగ్గర నిలబడి ఉంటుంది.

పాత బండికి పదకొండేళ్ళలో ఒక్కసారి గుడ్డ పెట్టి ఎరగదు. దీన్ని రోజూ తుడుస్తోంది. నేను తాళం తిప్పగానే వచ్చి, తుడిచిన చోటే తుడుస్తుంది. "కాసేపు వేడెక్కనీ అయ్యా, ఫారిన్ది గదా" అంటుంది. నిన్న కొట్టుకి క్యారేజీ మర్చిపోయానని తనే మోసుకొచ్చి, వెళ్ళేటప్పుడు "బండి స్టార్ట్ చేసి చూడరాదూ, సరిగ్గా ఉందో లేదో" అంది.

ఆడవాళ్ళకు వాహనవ్యామోహం ఎక్కువ. ఒక ప్రవచనానికి పనికొస్తుంది.

జనవరి 17, శనివారం

టీ కొట్టు వాజిద్ దారిలో చెయ్యెత్తి ఆపాడు. ఆపితే మళ్ళీ కదపడం ఎంత కష్టమో అతనికేం తెలుసు.

"గురువుగారూ, పొద్దున ఎనిమిదిన్నరకి మీ బండి పోయిందాకా నా కొట్లో ఎవరూ రెండో టీ అడగరు. ఏం గొంతండీ! ఎవరా అమ్మ?"

బల్లల మీద ఏడెనిమిది మంది. అందరూ నా వైపే.

"ఎవరో భక్తురాలు" అన్నాను.

ఎందుకన్నానో రాసుకోవాలి. నా ప్రవచనాల్లో నా ఇంటి సంగతులు దొర్లనివ్వకూడదని నాకొక నియమం ఉంది. అందుకే.

ఆ నియమం ఎప్పుడు పెట్టుకున్నానో గుర్తు రావడం లేదు. ఈరోజే అయ్యుంటుంది.

జనవరి 20, మంగళవారం

సత్రం కమిటీ నుంచి ఫోను. శివరాత్రికి ప్రవచనం ఖాయమేనట. "ఒక చిన్న మనవి గురువుగారూ. మీ బండి మీద ఏదో పాట వస్తోందంట గదా, చానా మంది చెప్పారు. అది ముందు వేసి, తమరు ఒక అరగంట తగ్గించుకుంటే..."

తగ్గించుకోవడం! పన్నెండేళ్ళుగా ఆ కొండ కింద నిప్పులు కురిపించినవాణ్ణి.

జనవరి 21, బుధవారం

పెన్ డ్రైవ్‌లో చోటు తక్కువ. అందుకని పాట తీసేయమన్నాను.

"చోటుకేం బాబాయ్, సగం కూడా నిండలేదు" అంది సాబిరా.

"ముందు ముందు నిండుద్దమ్మా. మొత్తం తుడిచేసి ప్రవచనాలు మాత్రం మళ్ళీ వెయ్యి. నీ దగ్గర కూడా ఆ పాట ఉంచొద్దు, మళ్ళీ పొరపాటున ఎక్కుద్ది."

"నిజంగానే తీసేయనా?" రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఖచ్చితంగా చెప్పాను. ఖచ్చితంగా చెప్పడంలో పల్నాడు మొత్తంలో నాకు సాటి లేదు.

చోటు తక్కువ. అందుకే.

జనవరి 22, గురువారం

తాళం తిప్పాను. "ఓ నిద్రమత్తు జనులారా!" అని నా గొంతు. వీధి దద్దరిల్లింది.

సుబ్బరత్నం గుడ్డ పట్టుకుని వచ్చి నిలబడింది. కాసేపు విన్నది. గుడ్డ నాలుగు మడతలు పెట్టి, బండి తుడవకుండానే లోపలికి పోయింది. మోజు తీరినట్టుంది.

వాజిద్ కొట్టు ముందు ఒక్కడూ తలెత్తలేదు. అందరూ రెండో టీలో ఉన్నారు.

జనవరి 24, శనివారం

సుబ్బరత్నం రాజుపాలెం వెళ్ళింది. వాళ్ళ అన్న కోటయ్య కళ్ళంలో మిరపకాయలు ఏరడానికి కూలోళ్ళు దొరకడం లేదట. సంచి సర్దుకుని బస్సు టైముకి బయటకొచ్చింది.

"ఎప్పుడొస్తావే?"

"నాతో ఏం పని? చెప్పుకో నీ పాటికి. వినేవాళ్ళకి కొదవా?"

మిరపకాయల పనికి వెళ్ళింది.

జనవరి 25, ఆదివారం

మిరపకాయల పనికే వెళ్ళింది. ఈ నెలలో పల్నాడంతా అదే పని.

జనవరి 27, మంగళవారం

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఇంద్రియనిగ్రహం మీద నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను, వాసన రాలేదు. అన్నం నిన్నా ఈరోజూ పార్వతమ్మక్క పంపింది. గిన్నె తిరిగివ్వడానికి వెళ్తే, "పున్నయ్యా, రత్నం ఫోన్ చేసిందా?" అంది. లేదన్నాను. "చెయ్యదులే" అంది. ఎందుకు చెయ్యదో అడగలేదు నేను.

మిరపకాయల పని.

జనవరి 29, గురువారం

కోటయ్యకి నేనే ఫోన్ చేశాను. క్షేమసమాచారాలు అడిగాను. కాయ దిగుబడి అడిగాను. గేదెను అడిగాను. చివరికి ఆయనే అన్నాడు:

"ఏంది బావా, డొంకతిరుగుడు? గంట నుంచి తెగ ప్రవచనం చెప్తావే, అసలు మాట అడగవేం?"

"రత్నం ఎప్పుడొస్తుంది?"

"రత్నమా? ఆమెవరు? ఎవరో భక్తురాలంటగా!"

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"పార్వతమ్మక్క వాజిద్ కొట్లో విన్నదంట. నీ నోటి మాటేగా? సరే, పోనీ అది. గొంతుకి ఆపరేషనయ్యాక దాని మాట ఎట్టా అయిందో నీకు తెలుసు. ఎనిమిదేళ్ళయింది, పక్కింటోళ్ళని పిలవాలన్నా చప్పట్లు కొడుతుంది. పాడిందనేదానికి ఆ పాటొక్కటే మిగిలుంది. నీ బండి మీద రోజూ రెండు పూటలా విని, నాకు ఫోన్ చేసి ఏడ్చేది బావా, సంతోషానికి. 'అన్నా, నా గొంతు వీధంతా తిరుగుతోంది' అని. ఆ ఒక్కటీ తుడిచి పారేశావు. ఏం, అడ్డమొచ్చిందా?"

"చోటు..." అన్నాను.

"ఏంది?"

"ఏం లేదు బావా."

గుడ్డ, క్యారేజీ, వేడెక్కనీ అన్న మాట. అన్నీ కలిపి ఇప్పుడు అర్థమయ్యాయి. పదిమందికి కళ్ళు తెరిపించే గురువుగారికి.

జనవరి 30, శుక్రవారం

సాబిరా కొట్టు తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

పెన్ డ్రైవ్‌లో లేదు. కంప్యూటర్‌లో లేదు. కార్డుని నాలుగు మెషీన్లలో పెట్టి చూసింది, తెరుచుకోలేదు. తుడిచినవి వెనక్కి రప్పించే ఉపాయమేదో కూడా చేసింది, దాని మీద మళ్ళీ నా ప్రవచనాలే పడ్డాయట, కింద ఉన్నది చెరిగిపోయిందట.

"మీరు మళ్ళీ మొత్తం వెయ్యమన్నారు గదా బాబాయ్" అంది, తప్పు తనదైనట్టు.

నా మాట ఆవిడ పాట మీద పడి దాన్ని చెరిపేసింది. ఇది ఉపమానం కాదు, కంప్యూటర్ సంగతి.

గ్రంథం తీశాను. పదిహేడో అధ్యాయంలో మాట అనే తపస్సుకి నాలుగు లక్షణాలు చెప్పారు. బాధపెట్టనిది, నిజమైనది, వినసొంపైనది, మేలు చేసేది. దీని మీద నేను ముప్ఫై ఒక్కసార్లు చెప్పాను. "మాట నిప్పులా ఉండాలి!" అని బల్ల గుద్ది నిజం దగ్గర మొదలుపెడతాను. మొదటిది నిజం కాదు. మొదటిది బాధపెట్టకపోవడం. ముప్ఫై ఒక్కసార్లూ రెండో దాని నుంచే మొదలుపెట్టాను.

ఆపైన వాజిద్‌తో చెప్పిన మాట నిజం కూడా కాదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

సాబిరా ఫోన్ చేసింది. "బాబాయ్, ఇట్టాంటి బండిని మన పేటలో ఎవరూ చూళ్ళేదు. మీరు పోతుంటే అందరూ వీడియోలు తీశారు, స్టేటస్‌లు పెట్టుకున్నారు. వాటిల్లో పాట పడి ఉంటుంది గదా? ముక్కలు ముక్కలుగా అయినా తెచ్చిస్తే అతికిస్తాను."

ఇల్లిల్లూ తిరిగి అడగాలి. పన్నెండేళ్ళుగా ఇచ్చేవాడి చెయ్యి నాది. జ్ఞానం.

ఫిబ్రవరి 2, సోమవారం

మొదట వాజిద్ దగ్గరికే వెళ్ళాను. నడిచి. పాపం చేసిన చోటే మొదలుపెట్టమంటారు.

"నీ ఫోన్లో నా బండి వీడియో ఉందా?"

"ఒకటా, నాలుగున్నాయి. ఎందుకు గురువుగారూ?"

"పాట కోసం."

"ఆ భక్తురాలి పాటా?"

బల్లల మీద మళ్ళీ అదే మంది. ఈ పేటలో మనుషులకి వేరే పనుండదు.

"భక్తురాలు కాదు. నా భార్య. సుబ్బరత్నమ్మ."

వాజిద్ గ్లాసు కింద పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. మూల కూర్చున్న ముసలాయన ఒకడు, "మరి ఆ రోజు చెప్పలేదేందయ్యా?" అన్నాడు. ఎన్నో ధర్మసందేహాలు తీర్చాను, ఇట్లాంటిది ఎదురు కాలేదు.

"సిగ్గు లేక" అన్నాను.

వాజిద్ నాలుగు వీడియోలూ పంపాడు. టీ కూడా పోశాడు. పెద్ద గ్లాసు.

ఫిబ్రవరి 5, గురువారం

మూడు రోజుల్లో ఇరవైరెండు ముక్కలు. పార్వతమ్మక్క ఫోన్లో ఒకటి, బండి కోసం కాదు, ఎదురింటి బర్రె మా గేటులో దూరిందని రుజువు కోసం తీసింది. దాంట్లో పల్లవి మొత్తం ఉంది. బర్రె కూడా బాగా పడింది.

"నాకు ముందే తెలుసు పున్నయ్యా, రాజుపాలేనికి చెప్పింది నేనే" అంది. తప్పు ఒప్పుకుంటున్నట్టు లేదు, బహుమానం అడుగుతున్నట్టుంది. ఇవ్వాల్సిందే.

ఒక్కో వీడియోలో నన్ను నేను చూసుకోవాల్సి వస్తోంది. ముఖం చిట్లించుకుని, పళ్ళు బిగబట్టి, రెండు చేతులతో హ్యాండిల్‌ని పీక పట్టుకున్నట్టు పట్టుకుని పోతుంటాను. ఆ ముఖం కింది నుంచి ఆ గొంతు.

*కడివెడు నీళ్ళు మోసుకొచ్చా, కాళ్ళు కడగాలని*
*కాలు కదపక నువ్వు కూకుంటే, కడవ దించేదెట్టా*

మొదటి చరణం ఇది. నా వెనక నిలబడి పాడేది. నేను కాగితాలు సర్దుకుంటూ ఉండేవాణ్ణి. మాటలు ఇప్పుడే వింటున్నాను.

ఫిబ్రవరి 9, సోమవారం

సాబిరా అతికించింది. అలీ సాహెబ్, ఆమె, నేను కొట్లో కూర్చుని విన్నాం.

స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా గొంతు తగ్గుతుంది, దాటగానే లేస్తుంది. ఒకచోట కుక్కర్ విజిల్. ఒకచోట ఆటో హారన్. రెండో చరణం నడిమధ్యన "పాత ఇనప సామాను కొంటాం" అని ఎవరిదో కేక.

*మారేడాకులు కోసుకొచ్చా, మాటొకటి చెప్పాలని*
*మంత్రాలోళ్ళు అడ్డముంటే, మాటందేదెట్టా*

"మంత్రాలోళ్ళు" దగ్గర అలీ సాహెబ్ నా వైపు చూసి, వెంటనే సీలింగు ఫ్యాన్ వైపు చూశాడు.

మూడో చరణం ఒక్క పాదం ఉంది. *జాతరయ్యె, జనము పోయె, జాగు చేసితివయ్యా...* అంతే. తర్వాతది ఎవరి ఫోన్లోనూ లేదు. నేను రోజూ అక్కడే కొట్టు ముందు బండి తాళం తీసేవాణ్ణి గదా.

"బాబాయ్, నాకు గుర్తున్నంత వరకు అసలు ఫైలే అక్కడ ఆగింది. గరగరమని ఏదో చప్పుడు, అంతే" అంది సాబిరా.

"పాట సగంలో ఎట్టా ఆగుద్దమ్మా? ఎక్కించేటప్పుడు నీ కంప్యూటరే కోసేసి ఉంటుంది" అని కసిరాను. పదిహేడో అధ్యాయం చదివి పది రోజులైంది, కసురు మాత్రం పోలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

రేపు రాజుపాలెం. బండి మీదే. హైవే ఎక్కాలి. ఇంతవరకు నేను మూడో గేరు చూడలేదు.

క్షమాపణ రాసుకున్నాను. ఏడు శ్లోకాలు, రెండు ఉపమానాలు. చదివి చూసుకుంటే నలభై నిమిషాలు వచ్చింది.

ఫిబ్రవరి 11, బుధవారం

బతికే ఉన్నాను. లారీవాళ్ళు తప్పుకున్నారు, భక్తితో కాదు. స్పీడుకి సౌండు లేచింది. సత్తెనపల్లి రోడ్డు పొడుగునా మిరప కళ్ళాల్లో వంగి ఉన్న మనుషులంతా తలెత్తి చూశారు. పాట అయిపోవడం, వెనకాల నా ప్రవచనం అందుకోవడం. చెయ్యి తీసే ధైర్యం లేదు గనక పక్కన ఆపి, తాళం తీసి, మళ్ళీ తిప్పాను. మొదట్నుంచి. అట్లా నాలుగుసార్లు. జ్ఞాపకం లేకపోవడం వల్ల లాభం కూడా ఉంది.

కోటయ్య కళ్ళం ఎర్రగా పరుచుకుని ఉంది. పదిమంది ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. సుబ్బరత్నం నెత్తిన తువ్వాలు కట్టుకుని చివర్న కూర్చుని ఉంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"వచ్చాడమ్మా ఉత్సవమూర్తి" అన్నాడు కోటయ్య. "బావా, స్టాండు వేస్తావా, మనుషుల్ని పిలవనా?"

పిలిచాడు. ముగ్గురు పట్టుకున్నారు.

జేబులోంచి క్షమాపణ కాగితం తీశాను. మళ్ళీ మడిచి లోపల పెట్టుకున్నాను. తాళం తిప్పాను.

ఆగిన బండి గదా, గొంతు సన్నగా వచ్చింది. కళ్ళంలో ఒకామె "ఉష్" అంది. అందరూ చేతులాపారు. కుక్కర్ విజిల్ దగ్గర కిసుక్కుమన్నారు. "పాత ఇనప సామాను" దగ్గర గట్టిగానే నవ్వారు. సుబ్బరత్నం నవ్వలేదు. కాయ ఏరుతూనే ఉంది గానీ మంచికాయ తాలులో, తాలుకాయ మంచిదాంట్లో వేస్తోంది. కోటయ్య చూశాడు.

*జాతరయ్యె, జనము పోయె, జాగు చేసితివయ్యా...*

ఆగిపోయింది. నేను తాళం తీశాను.

"మిగతాది దొరకలేదు" అన్నాను. "పేటంతా అడిగాను. నా భార్య పాట అని చెప్పే అడిగాను. వాజిద్ కొట్లో కూడా. ఎవరి ఫోన్లోనూ లేదు."

"ఎట్టా ఉంటుందయ్యా?" అంది, తలెత్తకుండా. "నేను పాడితే గదా."

"పాడలేదా?"

"జనం సర్దుకున్నారు. నువ్వు మైకు తీసేసుకున్నావు, నా చేతిలోంచి. ఆ గరగర అదే."

నాకు గుర్తు లేదు. అదే చెప్పాను, గుర్తు లేదని.

"నీకెందుకు గుర్తుంటుంది? ఆ రోజొక్కటేనా? నేను బాగా పాడిన రోజు జనం తొందరగా కుదురుకునేవాళ్ళు. నువ్వు తొందరగా లాక్కునేవాడివి. గొంతు బాగాలేని రోజు మూడో చరణం ఎత్తుకునేదాకా పోనిచ్చేవాడివి. దాని చివరి పాదం మాత్రం ఎప్పుడూ నా నోట్లోనే ఉండిపోయేది."

అలీ సాహెబ్ ఆ రోజు "దాని పుట్టుకే అంత" అన్నప్పుడు ఎంత నవ్వాను! తనకి జ్ఞాపకం లేదని ఆ బండి ముందే ఒప్పుకుంది. నాకూ లేదని నేను ఎవరికీ చెప్పలేదు.

"ఇప్పుడు చెప్పు" అన్నాను.

"ఈ గొంతుతోనా?"

"ఆ."

"మైకు లేదుగా?"

"లేదు. ఉన్నా తీసుకోను."

చేతిలో కాయ పక్కన పెట్టింది. పాడలేదు. సరుకుల చీటీ చదివినట్టు చెప్పింది, ఆ గరుకు గొంతుతో:

"జాతరయ్యె, జనము పోయె, జాగు చేసితివయ్యా. ఎక్కినదాన్నె దిగిపోతున్నా, ఎనకాల రావేమయ్యా."



"వచ్చాగా" అన్నాను.

"పన్నెండేళ్ళకి" అంది.

కళ్ళం నిండా మిరప ఘాటు. ఎవరి కళ్ళలో నీళ్ళెందుకొచ్చాయో ఎవరూ ఎవర్నీ అడగలేదు. కోటయ్య మాత్రం ముక్కు చీది, "కాయ ఈసారి బాగా ఘాటుగా ఉంది బావా" అన్నాడు.

బండి ఎక్కమన్నాను. ఎక్కలేదు.

"శనివారం దాకా రాను. పని ఉంది."

"ఏం పని?"

"కనపడట్లా? మిరపకాయలు."

మిరపకాయల పనికే వెళ్ళిందని నేను రాస్తూనే ఉన్నాను.

ఫిబ్రవరి 14, శనివారం

వచ్చింది. బస్సులో. "ఆ బండి మీద నీ వెనక కూర్చుని ప్రాణాలు పోగొట్టుకోను" అంది.

వచ్చీ రాగానే పొయ్యి చూసి, "పాలు ఎన్నిసార్లు పొంగించావు?" అంది. నిజం చెప్పాను. అయిదు.

ఫిబ్రవరి 16, సోమవారం

నిన్న శివరాత్రి. సత్రం కిక్కిరిసింది.

బయల్దేరే ముందే చెప్పింది: "నీ మారుమనసు కథ మైకులో చెప్తావేమో. నా గురించి ఒక్క ముక్క మాట్లాడావంటే అటునుంచి అటే బస్సెక్కుతా."

చెప్పాలనే అనుకున్నాను. కన్నీళ్ళు ఎక్కడ రావాలో కూడా గుర్తుపెట్టుకున్నాను కాగితం మీద. ఆవిడకెట్లా తెలిసిందో.

బండి స్పీకరు ముందు మైకు పెట్టి పాట వేశారు, కుక్కరూ ఇనప సామానూ అన్నీ కలిపి. రెండో చరణంలోనే జనం గప్‌చుప్‌గా కుదురుకున్నారు. కమిటీ ఆయన నా వైపు సైగ చేశాడు, మొదలుపెట్టమని. నా చెయ్యి లేచింది. పన్నెండేళ్ళ అలవాటు, చెయ్యికి వేరే బుర్ర ఉంది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఆడవాళ్ళ వరసలో సుబ్బరత్నం చూసింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వే అనుకుంటాను.

మూడో చరణం ఒక్క పాదం పలికి ఆగింది. అది ఆగాక లేచాను.

నా ప్రవచనం ఇరవైరెండు నిమిషాలు. పదిహేడో అధ్యాయం. మొదటి లక్షణం నుంచి మొదలుపెట్టాను, అక్కడే అయిపోయింది.

ఫిబ్రవరి 19, గురువారం

నిన్న సుబ్బరత్నం తనంతట తనే సాబిరా కొట్టుకి వెళ్ళిందట. నాతో చెప్పలేదు. ఆ రెండు పాదాలు ఆ గొంతుతోనే ఫోన్లో చెప్పిందట, సాబిరా పాట చివర అతికించిందట.

ఈరోజు పొద్దున తాళం తిప్పాను. సుబ్బరత్నం గుడ్డ పట్టుకుని వచ్చింది. తుడిచింది.

ఒక చిక్కొచ్చింది. పాట పొడుగైంది, దారి పెరగలేదు. కొట్టు ముందుకొచ్చే సరికి మూడో చరణం అప్పుడే ఎత్తుకుంటోంది. యూరియా కోసం వచ్చిన రైతులు నలుగురు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆపలేదు. స్టేషన్ దాకా పోయి, ఆ బొంగురు గొంతు రెండు పాదాలూ పూర్తిగా చెప్పాక తాళం తీసి, మళ్ళీ తిప్పి, వెనక్కి వచ్చాను.

"ఏంది గురువుగారూ, కొట్టు దాటిపోయారు? మర్చిపోయారా?"

"లేదయ్యా, మధ్యలో ఆపడం కుదర్లేదు" అన్నాను.

నా ప్రవచనాలు రెండువందల పద్నాలుగూ దాని వెనకాలే ఉన్నాయి. ఒక్కటి కూడా మొదలవలేదు.